జూన్ నెల సంతకం

చచ్చిపోయినవాడు సాక్షి సంతకం పెట్టలేడు. ఇంత చిన్న సంగతి కంప్యూటర్‌కి చెప్పడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ పని అది. వెయ్యేళ్ళ కిందట, ఇంకా ముందు, అక్కడ ఆంగ్లో-శాక్సన్ రాజులు మఠాలకీ సామంతులకీ భూములు రాసిచ్చిన దానపత్రాలు వెయ్యికి పైగా మిగిలాయి. వాటినన్నిటినీ కంప్యూటర్‌లో ఎక్కించి, ఏది అసలుదో ఏది దొంగదో తేల్చడానికి పనికొచ్చే ప్రోగ్రాం కావాలన్నారు. ఆ పని సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్కులో ఉన్న మా కంపెనీకి వచ్చింది. రెండువేల సంవత్సరం, జూలై నెల. మా అంతస్తులో అందరూ బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాస్తుంటే నేను ఎప్పుడో పోయిన బిషప్పులతో కూచున్నాను. ఎమ్మే చరిత్ర చదివి, అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న మనిషి ఆ భవనం మొత్తానికి నేనొక్కదాన్నే మరి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు, నాకేం పోయింది?

ఆ పత్రాలు చదవడం నాకు ఇష్టంగానే ఉండేది. మొదట రాజుగారు దేవుణ్ణి తలుచుకుని, ఇన్ని కుటుంబాలు బతికే నేల ఫలానా వాళ్ళకి ఇచ్చానంటాడు. ఆ తర్వాత శాపం. ఈ దానాన్ని ఎవడు చెడగొడితే వాడు నరకంలో కాలతాడని. మన రాగిరేకుల్లో అయితే అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని ఉంటుంది, మనవాళ్ళు ఇంకో మెట్టు పైనే. శాపం తర్వాత హద్దులు. పత్రమంతా లాటిన్‌లో ఏడ్చినా హద్దులు మాత్రం ఊళ్ళో జనం మాట్లాడుకునే భాషలో ఉంటాయి. వాగు దగ్గర మొదలుపెట్టి ముళ్ళచెట్టు దాకా, అక్కణ్ణించి పాత గుంట దాకా, గుంట మీంచి ఎవరిదో సమాధి దిబ్బ దాకా. ఎవరో కాళ్ళతో నడిచి చెప్పినట్టు ఉంటుంది. అన్నిటికంటే చివర సాక్షుల పేర్లు, పేరు పేరుకీ ఒక శిలువ గుర్తు.

దొంగ పత్రాలు సృష్టించే సన్యాసులు శాపం బాగానే రాస్తారు. సాక్షుల దగ్గర దొరికిపోతారు. పదేళ్ళ కిందట పోయిన బిషప్పుని తీసుకొచ్చి కూచోబెట్టి శిలువ గీయిస్తారు. నా ప్రోగ్రాం పట్టేది అదే. పేరు, పత్రం తేదీ, ఆ మనిషి పోయిన ఏడు. పొసగకపోతే ఎర్ర గీత.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో మిస్ టాన్ నన్ను పిలిచింది. ఆవిడ మా ఉద్యోగుల వ్యవహారాలు చూసే మనిషి, యాభై దాటినావిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. ఆ నెలలోనే ఇద్దరు కుర్రాళ్ళు దొంగ అనుభవ పత్రాలతో దొరికిపోయారు. అప్పట్లో అది మన హైదరాబాద్ విద్య. ఒక గదీ ఒక ప్రింటరూ ఉంటే మూడేళ్ళ అనుభవం సాయంత్రానికి తయారు.

"వసుంధరా, నీ ప్రోగ్రాం దొంగ కాయితాలు పట్టేస్తుందట కదా? ఇండియా నుంచి వచ్చినవాళ్ళ లెటర్లు నలభై మూడు ఉన్నాయి. కాస్త చూసిపెట్టు లా," అంది, మాట చివర సింగపూర్ వాళ్ళ "లా" తగిలించి.

"అది రాజులకి రాసిన ప్రోగ్రాం," అన్నాను.

"మేనేజర్లు మాత్రం తక్కువా?" అంది.

దస్త్రం తెచ్చుకుని ఒక్కొక్క ఉత్తరం మీద సంతకం చేసినవాడి పేరు, తేదీ ఎక్కించుకుంటూ పోయాను. ఇరవై ఏడో ఉత్తరం జవేరియా అనే అమ్మాయిది. బేగంపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్ళ పది నెలలు పనిచేసిందని ఉంది. తేదీ రెండువేల సంవత్సరం జూన్ ముప్పై. కింద సంతకం ఈశ్వరరావు, ప్రాజెక్ట్ మేనేజర్.

ఈశ్వరరావు నా మొగుడు. ఆ ఏడాది మార్చి పదిహేడునే పోయాడు.

నాకేమీ కాలేదు. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. టీ చల్లారిపోతోందని తాగేశాను. ఉత్తరాన్ని పక్కకి పెట్టి మిగతా పదహారూ పూర్తి చేశాను.

ఇక్కడ కొంచెం మా సంగతి చెప్పాలి. నేను తొంభై తొమ్మిది జనవరిలో సింగపూర్ వచ్చాను. నువ్వు ముందు వెళ్ళు, ఈ ప్రాజెక్టు అవగానే నేనూ వస్తానన్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్. ఎప్పుడొస్తావంటే వచ్చే నెల. ఆ వచ్చే నెల ఏడాది దాటినా రాలేదు. బుకిట్ బటోక్‌లో ఇద్దరికి సరిపోయే ఫ్లాట్ తీసుకుని ఒక్కదాన్నీ కూచున్నాను. ఆఖరి ఆదివారం నాకు ఒళ్ళు మండిపోయి, "నువ్వు రావద్దు, అక్కడే ఉండు, ఆ ఆఫీసునే కట్టుకుని ఊరేగు," అని ఫోన్ పెట్టేశాను. ఆ శుక్రవారం ఆఫీసులోనే కుర్చీలోంచి కిందికి ఒరిగిపోయాడట. గుండె. వెళ్ళాను, చెయ్యాల్సినవన్నీ చేశారు, పద్నాలుగో రోజున తిరిగొచ్చాను. సెలవు చీటీ మీద కుటుంబ కారణాలు అని రాశాను. ఇక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏడుపు రాలేదు. రాకపోతే నేనేం చెయ్యను? చేతులు పని చేస్తున్నాయి, కాళ్ళు ట్రైనెక్కుతున్నాయి, అన్నం దిగుతోంది. అతని మీద కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రాలేదు కదా. చివరికి రాకుండానే పోయాడు కదా.

మర్నాడు మధ్యాహ్నం జవేరియాని ఎక్స్‌పో దగ్గర ఫుడ్ కోర్టుకి తీసుకెళ్ళాను. నేనెవరో చెప్పలేదు. ఉత్తరాలు పరిశీలించే మనిషిని, అంతే. ఇరవై నాలుగేళ్ళుంటాయి ఆ పిల్లకి, తలకి నల్ల స్కార్ఫ్, టోలీచౌకి వాళ్ళట. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ళలాగే ఈ చోటు మాదని చోప్ చేసి, హలాల్ స్టాల్ నుంచి ఇద్దరికీ రైస్ తెచ్చింది. కూచోగానే ఉత్తరం దాని ముందు పెట్టాను.

"ఇది ఎవరు రాశారు?"

"సార్ రాసిండ్రు మేడమ్."

"సంతకం?"

పిల్ల తల వంచుకుంది.

దొంగ పత్రం రాసేవాడు అన్నీ రాయగలడు గానీ నడవని నేల హద్దులు చెప్పలేడు. అందుకని, "మీ ఆఫీసు గుమ్మం దగ్గర మొదలుపెట్టి సార్ కుర్చీ దాకా నడిపించు నన్ను," అన్నాను.

మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత చెప్పింది. "లిఫ్ట్ ఖరాబ్ మేడమ్ ఎప్పుడు చూసినా. మూడు మంజిళ్ళు ఎక్కాలె. ఎక్కంగనే ఎడమ దిక్కు యూపీఎస్ రూము, చెప్పులు ఆడనే ఇడుస్తుంటిమి. సీదా పోతే నీళ్ళ డబ్బా. దాని ఎనక సార్ కేబిన్. దానికి తలుపు లేకుండె. సారే పీకేయించిండ్రు. తలుపుంటే మీరు తట్టాలె, నేను రమ్మనాలె, ఈ తతంగమంతా ఎందుకని."

ఆ తలుపు సంగతి నాకు తెలుసు. ఫోన్‌లో చెప్పుకుని మురిసిపోయాడు. లిఫ్ట్ సంగతీ తెలుసు. పిల్ల అక్కడ పని చేసిన మాట నిజమే.

"మరి సార్ జూన్‌లో సంతకం ఎట్లా చేశారు?"

"చెయ్యలే మేడమ్." గొంతు తగ్గించింది. "సార్ మార్చిలనే పోయిండ్రు. ఆ బుధవారం రిజైన్ చేసిండ్రు. కొత్త మేనేజర్ ఎట్లాంటోడు వస్తడో అని మా పన్నెండు మందికి తనే లెటర్లు రాస్తుండె. ఒక్కొక్కరికి కూసుండబెట్టి అడిగి మరీ రాసిండ్రు. శుక్రవారం లంచ్ లోపల పదకొండు అయినయ్. నాది ప్రింట్ తీసిండ్రు. రెండో ప్రాజెక్టు పేరు కలపాలె, లంచ్ తర్వాత సంతకం చేస్తా అన్నరు. రెండు గంటలకి..."

ఆగిపోయింది. నా చెవిలో ఒక్క మాటే పడింది.

"రిజైన్ ఎందుకు చేశాడు?"

చేశారు అనకుండా చేశాడు అన్నానని పిల్ల గమనించలేదు. "సింగపూర్ రానీకి మేడమ్. వాళ్ళ మేడమ్ ఈడనే ఉంటరంట. గురువారం మా అందరికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించిండ్రు. మేడమ్‌కి చెప్పిండ్రా సార్ అంటే, ఆదివారం చెప్తా, ఇప్పుడు చేస్తే ఫోనెత్తదు, మొన్ననే తిట్టి పెట్టేసింది అని ఒకటే నవ్వు. సార్ చెప్తేనే ఇక్కడి కంపెనీలకి నేను కూడా అప్లై చేసిన."

ఫుడ్ కోర్టులో ఎవరో ట్రేలు పడేశారు. నేను చెంచాతో అన్నాన్ని ఒక పక్కకి, మళ్ళీ ఇంకో పక్కకి జరిపాను. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియలేదు. ఏడాదిగా ఒక మనిషి మీద పెట్టుకున్న కోపం, ఆ మనిషి తప్పేం లేదని తేలితే దాన్ని ఎక్కడ పెట్టాలి? నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

"పని చేశావు సరే. లెటర్ ఉంది సరే. దొంగ సంతకం ఎందుకు పెట్టావే? అది కూడా జూన్ తేదీ వేసి?" గట్టిగానే అన్నాను. పక్క టేబుల్ వాళ్ళు చూశారు.

"నేను జూన్ ముప్పై దాకా చేసిన మేడమ్, అందుకే సార్ రాసినదాన్లనే తేదీ సరిచేసి మళ్ల ప్రింట్ తీసిన. ఆ రోజే కంపెనీకి తాళం పడ్డది. సార్ పోకముందు, ఫిబ్రవరి అని ఏస్తే జూట్ అయితది కద."

"సంతకం జూట్ కాదా?"

"సంతకం జూటే మేడమ్," అని ఏడ్చేసింది.

అబద్ధాలాడే మనిషైతే ఫిబ్రవరి అని వేసేది. నా ప్రోగ్రాంకి పట్టుబడకుండా బయటపడేది. ఈ వెర్రిపిల్ల నిజం తేదీ వేసి దొరికిపోయింది. ఇంటికి పంపేస్తే ఏం చెప్పాలె మేడమ్, దొంగపని చేసిన అని పంపించిండ్రని చెప్పాల్నా అని టిష్యూలన్నీ ఖాళీ చేసింది. తిను, చల్లారిపోతుంది అన్నాను.

శుక్రవారం మిస్ టాన్‌కి నలభై రెండు ఉత్తరాలు ఇచ్చాను. ఆవిడ లెక్క తప్పే మనిషి కాదు.

"ఇంకొకటి జవేరియాది. ఆ కంపెనీ మూసేశారు, ఫోన్ చేస్తే ఎవరూ లేరు. తెలిసినవాళ్ళెవరైనా సోమవారం లోపల సాక్ష్యం చెప్పాలి. లేకపోతే ఇక్కడ పనిచేసే పాస్ రద్దు," అంది. కళ్ళజోడు పెట్టుకుని నా దస్త్రం తెరిచింది. "ఆ లెటర్ మీద సంతకం చేసిన పేరు నీ ఫారంలో చూశాను. నీ హస్బెండే కదా? ఇంకేం, చాలా ఈజీ లా. ఒక ఈమెయిల్ పంపమను. చాలు."

సరే అన్నాను. నోరు దానంతటదే అంది.

ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూచున్నాను. కింద ఆటస్థలంలో పిల్లలు కేకలు పెడుతున్నారు. అతని ఈమెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు. మేమిద్దరం ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం దాచుకున్నవి పెద్దగా ఏమీ లేవు, రాజీనామా ఒక్కటి తప్ప. తెరిచాను. అతని పేరుతో రాయడం మొదలుపెట్టాను. ఈశ్వరరావు అనే నేను ధ్రువీకరించునది ఏమనగా, జవేరియా నా దగ్గర పని చేసినది. నాలుగు లైన్లు ఇట్టే వచ్చేశాయి. అతని ధోరణి నాకు రాదా? ఎవరు పడతారు దీన్ని? పట్టేదాన్ని నేనొక్కదాన్నే.

ఒక్క నొక్కు నొక్కితే పిల్ల బతికిపోతుంది. ఆఫీసులో ఈశ్వరరావు కూడా బతికే ఉంటాడు. మొన్న డిసెంబరు డిన్నర్‌లో మిస్ టాన్, మీ ఆయన ఎప్పుడొస్తున్నాడు అని అడిగితే, వచ్చే నెల అన్నాను. తడుముకోకుండా అన్నాను. ఏడాదిగా పోయిన మనిషిని సాక్షుల్లో కూచోబెట్టి శిలువలు గీయిస్తున్నది ఎవరో అప్పుడు అర్థమైంది. ఆ సన్యాసుల్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో నేను.

నేను ఎక్కించిన వాటిలో ఒక సామంతుడి పత్రం ఉంది. ఇల్లు తగలబడి అతని భూముల కాగితాలన్నీ కాలిపోయాయి. అతను దొంగవి రాయించుకోలేదు. రాజు దగ్గరికెళ్ళి కాలిపోయాయని చెప్పాడు. రాజు సభలో అందరినీ అడిగి, సరే, గుర్తున్నంతవరకు మళ్ళీ రాసుకో అన్నాడు. కొత్త పత్రంలో మొదటి మాటే పాతవి కాలిపోయాయన్న మాట. ఆ మాట రాయనిదే మిగతాది చెల్లదు.

అతని పేరుతో రాసిన నాలుగు లైన్లూ చెరిపేశాను. బీరువాలోంచి మరణ ధ్రువపత్రం తీశాను. తెచ్చిన రోజు ఏ కవర్లో పెట్టానో ఆ కవర్లోనే ఉంది. నా పేరుతో రాయడం మొదలుపెట్టాను. ఒక పేజీ రాయడానికి చీకటి పడేదాకా పట్టింది.

సోమవారం పొద్దున్న లిఫ్ట్ దగ్గర జవేరియా చేతికిచ్చాను, నీ గురించి రాసింది ముందు నువ్వు చదువు అని. మొదటి వాక్యం దగ్గరే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేడమ్... ఆ తిట్టింది మీరేనా?"

"నేనే."

"సార్ నవ్వుకుంటనే చెప్పిండ్రు మేడమ్. కసమ్. కోపం లేకుండె," అంది. నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక ఆగింది. చదవడం అయిపోయిందా అని కాగితం తీసేసుకున్నాను. అక్కడ ఇంకొక్క నిమిషం ఉంటే నా వల్ల అయ్యేది కాదు.

మిస్ టాన్ మొదట ధ్రువపత్రం చూసింది. తేదీ చూసింది. గోడ మీద క్యాలెండర్ చూసింది. "పోయిన మార్చిలో," అంది. డిసెంబరు డిన్నర్ ఆవిడకీ గుర్తొచ్చి ఉంటుంది. ఏమీ అనలేదు, అందుకు నాకు ఆవిడంటే గౌరవం. కాగితం రెండుసార్లు చదివింది.

"దొంగ సంతకానికి జవేరియాకి హెచ్చరిక ఉత్తరం వెళ్తుంది. ఆ లెటర్ తీసేసి దాని చోట నీ స్టేట్‌మెంట్ పెడతాను. పాస్ ఉంటుంది. బాస్‌తో నేను మాట్లాడతాను," అంది. తర్వాత పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీసింది. "ఇది మాత్రం తీసెయ్యి. జవేరియా కేసుకి సంబంధం లేదు కదా లా."

"అది తియ్యను."

"అనవసరం వసుంధరా. ఇది లేకపోయినా..."

"అది తీస్తే నేను సంతకం పెట్టను. దాని కోసమే ఆయన లెటర్లు రాయడం మొదలుపెట్టాడు. లేకపోతే ఈ పిల్లకి ఆ లెటరే లేదు," అన్నాను. గొంతు లేచింది. కేబిన్ బయట ఎవరో ఆగి చూసి వెళ్ళిపోయారు.

ఆవిడ రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపింది. ఇలాంటి స్టేట్‌మెంట్‌ని చదివి వినిపించి, వాక్యం వాక్యానికీ అవునో కాదో అనిపించుకుని, ఆ తర్వాత సంతకం తీసుకోవాలట. అది పద్ధతి. ఆవిడ సాక్షి.

"నేను ఈశ్వరరావు భార్యను. నిజమేనా?"

"నిజం."

"నా భర్త రెండువేల సంవత్సరం మార్చి పదిహేడున మరణించారు. నిజమేనా?"

"నిజం," అన్నాను. బాగానే అన్నాను.

"జవేరియా పత్రం మీద ఉన్న సంతకం ఆయనది కాదు. పత్రంలో ఉన్న విషయం నిజం. ఆమె అక్కడ జూన్ ముప్పై వరకు పనిచేసింది."

"నిజం."

మిస్ టాన్ కళ్ళజోడు సర్దుకుంది. టీవీలో వాతావరణ వార్తలు చదివే గొంతుతోనే చదివింది. "నా భర్త మార్చి పదిహేనున ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు, సింగపూర్‌లో ఉన్న నా దగ్గరికి రావడానికి. నిజమేనా?"

ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. జవాబు చెప్పాలి. ఆవిడ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నిజం," అన్నాను. "వచ్చేస్తున్నాడు."

అప్పుడు వచ్చింది ఏడుపు. పదకొండు నెలల ఏడుపు, ఆఫీసులో, పట్టపగలు, ఒక చైనీస్ ఆవిడ ముందు, సిగ్గూ లజ్జా లేకుండా. మిస్ టాన్ లేచి కేబిన్ తలుపు వేసి వచ్చి కూచుంది. ఇంకా రెండు వాక్యాలు మిగిలాయి. నేను ఆపేదాకా ఆవిడ వాటిని చదవలేదు.